ఎరువుల కొట్టంలో ఇరుక్కుని బయటపడ్డాను

ప్రాథమిక రసాయన శాస్త్రం అర్హత పరీక్ష గట్టెక్కాను. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరాలంటే ముందు ఈ గండం దాటాలి. చదువు మానేసి చాలా ఏళ్లయినవాళ్లకు ఆవర్తన పట్టిక అంటే గోడకు వేలాడిన రంగుల కాగితం తప్ప ఇంకేమీ గుర్తుండదు. నాకైతే సంయోజకత (ఒక పరమాణువు ఎన్ని బంధాలు కట్టగలదో చెప్పే అంకె) అన్న మాట వినగానే, అదెందుకో ఒక్క ముక్క చెప్పకుండా బట్టీ పట్టించిన మా పాత మాస్టారు గుర్తొస్తారు. ఆయన మీద కోపం ఇంకా తీరలేదు కానీ, ఈసారి కోపం వేరేవాళ్ల మీద.

పునశ్చరణ కోసమని మా శిక్షణ తరగతిలో అందరి ఫోన్లలోనూ ఒక ఆట పెట్టించారు. వ్యవసాయ క్షేత్రం బొమ్మలతో నడిచే రసాయన శాస్త్రం క్విజ్. పేరు చెప్పను, తిట్టబోతున్నాను కాబట్టి. జవాబు సరైనదైతే మొక్క మొలుస్తుంది. వరసగా సరైనవి చెబుతూ పోతే కోడిపెట్ట గుడ్డు పెడుతుంది, గుడ్లు కూడబెట్టి ఆవును కొనుక్కోవచ్చు. తప్పయితే కాకి వచ్చి విత్తనం ఎత్తుకుపోతుంది. తప్పు మీద తప్పు పడితే పొలం మధ్యలో దిష్టిబొమ్మ లేస్తుంది. దాని మెడలో పలక, పలక మీద మన పేరు. అది మన ఒక్కరికే కనబడితే పరవాలేదు. తరగతిలో అందరి పొలాలూ అందరికీ కనిపిస్తాయి. నాతో చదివేవాళ్లలో చాలామంది నా వయసులో సగం ఉన్నవాళ్లు. వాళ్ల ముందు నా దిష్టిబొమ్మ!

మొదటి మూడు మజిలీలూ సునాయాసంగా దాటాను. విత్తనాల మడిలో మూలకాల గుర్తులు. సోడియంకు ఎన్‌ఏ, పొటాషియంకు కె, ఇనుముకు ఎఫ్‌ఈ అని లాటిన్ పేర్లను బట్టి పెట్టినవి నాలుగు రోజులు నోట్లో నానితే చాలు. పశువుల పాకలో ఐసోటోపులు. కార్బన్-12 ఆవుకూ కార్బన్-14 ఆవుకూ మచ్చలు ఒకటే, బరువే తేడా. రెండింటిలోనూ ప్రోటాన్లు ఆరే, న్యూట్రాన్లు మాత్రం దీనికి ఆరు, దానికి ఎనిమిది. బావి దగ్గర ఆమ్లాలు, క్షారాలు. పీహెచ్ 5 ఉన్న నేల 6 ఉన్న నేల కంటే పది రెట్లు, 7 ఉన్న నేల కంటే వంద రెట్లు ఎక్కువ ఆమ్లత్వం కలది అన్న సంగతి ఈ ఆట చెప్పినంత చక్కగా నాకు ఎవరూ చెప్పలేదు. ఒప్పుకోవాల్సింది ఒప్పుకోవాలి.

నాలుగోది ఎరువుల కొట్టం. నా పరువు పోయింది అక్కడే.

మొదట యూరియా సంచి. దాని మీద 46-0-0. వంద కిలోల్లో నైట్రోజన్ ఎంత? యూరియా అణుభారం 60, అందులో రెండు నైట్రోజన్ల బరువు 28. శాతం కడితే 46.7. సంచి మీదేమో 46. సరిపోయింది, 46 నొక్కాను, మొక్క మొలిచింది. ఆ వెంటనే డీఏపీ, అంటే డైఅమ్మోనియం ఫాస్ఫేట్ సంచి. దాని మీద 18-46-0. మొదటి అంకె నైట్రోజన్‌ది, రెండోది ఫాస్ఫరస్‌ది, మూడోది పొటాషియంది అని పక్కనే చీటీలో ఉంది. ప్రశ్న: వంద కిలోల్లో ఫాస్ఫరస్ ఎంత? ఇచ్చిన జవాబులు 18, 20, 23.5, 46. ఇందులో ఆలోచించడానికేముంది? యూరియాకు 46 అంటే 46 అయినప్పుడు దీనికి మాత్రం కాకుండా పోతుందా? నొక్కాను. కాకి వచ్చింది.

ఎందుకు తప్పో ఆట చెప్పదు. ఎర్ర గుర్తు వేసి, కాకి చేత అరిపించి ఊరుకుంటుంది. తప్పును తప్పు అనడానికి చదువు చెప్పేవాళ్లు అక్కర్లేదు, ఆ పని కాకి కూడా చేస్తుంది. ఎక్కడ తప్పిందో చూపించడమే కదా నేర్పడమంటే.

మర్నాడు క్లాసులో లేచి అడిగాను. మా శిక్షకుడు నన్ను ఎగాదిగా చూసి, "ఏమ్మా, కోళ్ల ఆటలో వచ్చే లెక్కకు కూడా క్లాసు చెప్పించుకుంటావా?" అన్నారు. వెనక బెంచీల్లో నవ్వులు. "డీఏపీ ఫార్ములా రాసి శాతం కట్టు. అదే వస్తుంది. ఇక్కడే నొక్కి అందరికీ చూపించు" అని నా ఫోనును గోడ మీది పెద్ద తెరకు కలిపించారు. బోర్డు మీద రాశాను. రెండు నైట్రోజన్లు 28, తొమ్మిది హైడ్రోజన్లు 9, ఒక ఫాస్ఫరస్ 31, నాలుగు ఆక్సిజన్లు 64, మొత్తం 132. 31ని 132తో భాగించి శాతం కడితే 23.5. "ఊఁ, నొక్కు" అన్నారాయన. నొక్కాను. కాకి వచ్చింది, దాని వెనకే దిష్టిబొమ్మ లేచింది, గోడంత ఎత్తున, నా పేరుతో.

"నొక్కడంలో ఎక్కడో పొరపాటు చేసి ఉంటావు" అని ఆయన తరువాతి పాఠంలోకి వెళ్లిపోయారు. లెక్క ఆయన చెప్పింది, దిష్టిబొమ్మ నాది. బయటికి వస్తుంటే ఒక కుర్రాడు ఎంతో మర్యాదగా, "అక్కా, మీ దిష్టిబొమ్మకు ఇప్పుడు టోపీ కూడా వచ్చింది, చూశారా?" అన్నాడు. చూశాను.

మిగిలిన రెండింటిలో ఏదో ఒకటి నొక్కితే కొట్టం దాటిపోవచ్చు. చాలామంది అలాగే దాటారని తరువాత తెలిసింది. నొక్కాను, 20కి మొక్క మొలిచింది. కానీ మొలిస్తే సరిపోతుందా? 20 ఎక్కడి నుంచి వచ్చింది? సంచి మీద లేదు, ఫార్ములాలో లేదు. పైగా ఆట మళ్లీ మళ్లీ వేరే సంచులతో ఇదే ప్రశ్న వేస్తుంది, ప్రతిసారీ కాకితో బేరమాడుతూ కూర్చోలేను.

ఆ రాత్రి కాగితం ముందేసుకుని లెక్కను వెనక నుంచి మొదలుపెట్టాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు, తరగతిలో ఇంకెవరూ ఈ పని చేయలేదు. సంచి 46 అంటోంది, ఆట 20 అంటోంది. 20ని 46తో భాగిస్తే 0.435. అంటే, సంచి దేన్నో తూచి 46 అంటోంది, ఆ దేనిలోనో ఫాస్ఫరస్ నూటికి 43.5 పాళ్లు. మిగతా 56.5 ఏమిటి? ఆక్సిజన్ అనుకుని చూశాను. 43.5ని 31తో భాగిస్తే 1.40. 56.5ని 16తో భాగిస్తే 3.53. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే రెండున్నర. సగాలు ఉండకూడదు కాబట్టి రెట్టింపు చేస్తే రెండు ఫాస్ఫరస్‌లకు ఐదు ఆక్సిజన్లు. ఫాస్ఫరస్ పెంటాక్సైడ్! పరీక్ష కోసం నేర్చుకున్న అనుభావిక ఫార్ములా (పదార్థంలోని పరమాణువుల అతి చిన్న నిష్పత్తి) కట్టే పద్ధతి అచ్చంగా ఇదే. దాంతో ఒక సంచి గుట్టు రట్టు చేయవచ్చని మాత్రం పుస్తకంలో రాయలేదు.

సంగతి ఇది. సంచి మీది రెండో అంకె ఫాస్ఫరస్‌ది కాదు, ఫాస్ఫరస్‌ను ఆ ఆక్సైడ్ రూపంలో లెక్కగట్టిన అంకె. మూడోది పొటాషియంది కాదు, పొటాషియం ఆక్సైడ్‌ది. నైట్రోజన్ ఒక్కటే నేరుగా మూలకం లెక్కలో ఉంటుంది, అందుకే యూరియా దగ్గర దెబ్బ తగల్లేదు. విచిత్రమేమిటంటే సంచిలో ఆ ఆక్సైడ్లు రెండూ ఉండనే ఉండవు. పాతకాలపు విశ్లేషణల్లో మూలకాలను ఆక్సైడ్ల రూపంలో చెప్పే అలవాటు ఉండేది, ఎరువుల వ్యాపారంలో అది అలాగే నిలిచిపోయింది. ఆస్ట్రేలియాలో మూలకం లెక్కే రాస్తారు కాబట్టి ఇదే డీఏపీ అక్కడ 18-20-0 అవుతుంది. అదిగో ఆ 20.

మరి మా శిక్షకుడి 23.5 సంగతి? అదీ తేల్చాను. ఫార్ములా ప్రకారం డీఏపీలో నైట్రోజన్ 21.2 శాతం ఉండాలి, సంచి మీద 18 మాత్రమే ఉంది. అంటే సంచిలో ఉన్నది పూర్తిగా శుద్ధమైన పదార్థం కాదు, నూటికి సుమారు 85 పాళ్లే అనుకోవచ్చు. 23.5లో 85 శాతం ఎంతో కట్టి చూడండి, ఇరవై. రెండు దారులూ ఒకే చోటికి చేరినప్పుడు కలిగిన సంతోషం ఆ కోడిపెట్ట ఎన్ని గుడ్లు పెట్టినా రాదు.

తరువాత పొటాష్, అంటే పొటాషియం క్లోరైడ్ సంచి వచ్చింది, 0-0-60. జవాబులు 39, 50, 52, 60. పొటాషియం ఆక్సైడ్‌లో పొటాషియం 83 శాతం, అరవైలో 83 శాతం అంటే దాదాపు 50. నొక్కాను, దిష్టిబొమ్మ టోపీతో సహా కూలిపోయింది. శుద్ధ పొటాషియం క్లోరైడ్ ఫార్ములాతో కడితే వచ్చే 52ను పక్కనే ఎరగా పెట్టారు. ప్రశ్న రాసినవారికి అంతా తెలుసన్నమాట. తెలిసీ చీటీలో ఒక్క వాక్యం రాయలేదు, పైగా రెండోది ఫాస్ఫరస్‌ది అని తప్పుదారి పట్టించే మాట రాశారు. నాకు మండేది అందుకే.

కాగితాన్ని మా శిక్షకుడి బల్ల మీద పెట్టాను. కళ్లజోడు సవరించుకుని పైనుంచి కిందికి చదివి, "అదే కదా నేను చెప్పింది" అన్నారు. పరీక్షకు ముందు గొడవెందుకని ఊరుకున్నాను.

ఐదో మజిలీ అమ్మోనియా తొట్టి. ఏ పదార్థం ముందు అయిపోతుందో కనిపెట్టే లెక్కలు ఇక్కడ ఉంటాయి. 28 గ్రాముల నైట్రోజన్, 10 గ్రాముల హైడ్రోజన్ ఇచ్చి ఏది ముందు అయిపోతుంది అంటారు. తక్కువ బరువున్నది చూసి హైడ్రోజన్ అనేస్తారు చాలామంది. మోల్ అంటే డజను లాంటిదే, అణువులను లెక్కబెట్టే కొలత. 28 గ్రాముల నైట్రోజన్ అంటే ఒక మోల్. దానికి కావాల్సింది మూడు మోల్‌ల హైడ్రోజన్, అంటే ఆరు గ్రాములే. పది ఉన్నాయి. కాబట్టి ముందు అయిపోయేది నైట్రోజనే, వచ్చేది 34 గ్రాముల అమ్మోనియా, హైడ్రోజన్ నాలుగు గ్రాములు మిగులుతుంది. గ్రాములను మోల్‌లలోకి మార్చేదాకా దేన్నీ పోల్చకండి, ఈ లెక్కల కిటుకంతా అంతే. ఎరువుల కొట్టంలో అంత తిన్నాక ఇది నాకు నల్లేరు మీద నడక.

ఈ మజిలీ దాటితే ఒక బహుమతి కార్డు ఇస్తారు. గాలిలోని నైట్రోజన్ నుంచి అమ్మోనియా తయారుచేసినందుకు ఫ్రిట్జ్ హేబర్‌కు 1918 సంవత్సరపు నోబెల్ వచ్చిందని, ఆయన వల్లే ప్రపంచం కడుపు నిండిందని ఉంది. నిజమే. 1915లో యుద్ధరంగంలో క్లోరిన్ విషవాయువు ప్రయోగాన్ని దగ్గరుండి నడిపించింది కూడా ఆయనే. ఆ సంగతి కార్డులో లేదు. పిల్లలు ఆడే ఆట కదా అంటారేమో. పిల్లలకు సగం కథ చెబితే పెద్దయ్యాక మిగతా సగం ఎవరు చెబుతారు?

ఈ ఆట ఆడబోయేవారికి నాకు తోచిన నాలుగు మాటలు. మొదట సెట్టింగుల్లోకి వెళ్లి గడియారాన్ని ఆపేయండి. గుర్తులకు, పేర్లకు అది పనికొస్తుంది కానీ లెక్కలకు వచ్చేసరికి ఆలోచించేవాళ్లను శిక్షించి, గుడ్డిగా నొక్కేవాళ్లకు గుడ్లు పంచుతుంది. కోడి కూత కూడా ఆపేయండి, ఎందుకో అనుభవం మీద తెలుస్తుంది. కాగితం, కలం లేకుండా ఎరువుల కొట్టంలో అడుగు పెట్టకండి. అవగాడ్రో సంఖ్య, అంటే ఒక మోల్‌లో ఉండే కణాల సంఖ్య, 6.022 × 10²³ అని గుర్తుంటే చాలు. 2019 నుంచి దాని విలువను కచ్చితంగా స్థిరపరిచారు కానీ ఆ పొడవాటి అంకెలన్నీ ఈ స్థాయిలో ఎవరూ అడగరు. పొలాన్ని అందరికీ కనబడకుండా దాచుకునే వీలు ఉంది, మూడు మెనూల అడుగున దాచారు, వెతకండి. అది నాకు దిష్టిబొమ్మ కూలాక దొరికింది. అప్పుడిక దాచలేదు, ఆవులను చూడనివ్వండి అనుకున్నాను.

పరీక్షలో ఎరువుల ప్రశ్న రాలేదు. అనుభావిక ఫార్ములా లెక్క వచ్చింది, కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ శాతాలు ఇచ్చి. మా గదిలో ఆ ప్రశ్న దగ్గర చాలామంది కలాలు ఆగిపోయాయి, నాది ఆగలేదు.

ఇంటికి రాగానే ఆట తయారుచేసినవారికి ఉత్తరం రాశాను. చీటీలో ఏ మాట మార్చాలో, ఏ వాక్యం చేర్చాలో, లెక్క మొత్తంతో సహా. "మీ సూచనకు ధన్యవాదాలు. ఆనందంగా సాగు చేయండి!" అని జవాబు వచ్చింది, కింద నవ్వుతున్న కోడిపెట్ట బొమ్మ. ఇప్పుడే తెరిచి చూశాను, చీటీ అలాగే ఉంది. రేపు మళ్లీ రాస్తాను.