బుక్ చేసిన కారు వచ్చేదాకా ఒక పాత ఎంఎక్స్-5

బుక్ చేసిన స్పోర్ట్స్ కారు ఇంకా రాలేదు. డెలివరీ మళ్లీ వెనక్కి జరిగింది. ఈసారి వచ్చిన మెయిల్లో తేదీ కూడా లేదు, "వచ్చే త్రైమాసికంలో" అని ఒక ముక్క రాసి ఊరుకున్నారు. ఈలోగా నడపడానికి ఒక పాత మజ్దా ఎంఎక్స్-5 కొన్నాను, టాప్ తీసి నడిపే రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు. అదే ఎందుకు కొన్నాను, కొనేముందు ఏం చూశాను, కొన్నాక ఏం పనులు చేశాను అన్నది ఇక్కడ రాసి పెడుతున్నాను.

కార్ల ఆలస్యాలు ఈమధ్య అందరికీ అలవాటైపోయాయి. 2021 మార్చిలో జపాన్‌లో రెనెసాస్ చిప్ ఫ్యాక్టరీలో మంటలు లేచి, అసలే కరువుగా ఉన్న చిప్‌లు ఇంకా కరువయ్యాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే అక్కడ తయారయ్యే వైరింగ్ హార్నెస్‌లు (కారులోని కరెంటు వైర్ల కట్టలు) అందక యూరప్‌లో అసెంబ్లీ లైన్లు ఆగాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో ఫెలిసిటీ ఏస్ అనే ఓడ దాదాపు 4,000 కార్లతో వస్తూ అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల దగ్గర అంటుకుని, మార్చి 1న మునిగిపోయింది. నా కారు ఆలస్యానికి మాత్రం ఇంత పెద్ద కథేం లేదు. ఏదో ఒక పార్ట్ సరఫరా కావడం లేదట. ఏ పార్టో చెప్పరు.

వేరే కారు వెతికేముందు కంపెనీని మూడు విషయాలు అడిగి రాతపూర్వకంగా తెప్పించుకున్నాను. బుకింగ్ నాటి ధరే ఉంటుందా, మారుతుందా? ఆర్డర్‌లో మార్పులకు ఆఖరి గడువు ఎప్పుడు? ఆర్డర్ రద్దు చేసుకుంటే అడ్వాన్స్ మొత్తం తిరిగొస్తుందా? ఫోన్లో ఎవరైనా తియ్యగానే చెబుతారు, మెయిల్లో అడిగితేనే అసలు జవాబు వస్తుంది. రెండో ప్రశ్నకు వచ్చిన జవాబు తర్వాత నాకు బాగా పనికొచ్చింది. ఆ సంగతి చివర్లో చెబుతాను.

ఎలాంటి కారు?

బుక్ చేసింది మిడ్ ఇంజిన్ (సీట్ల వెనక ఉండే ఇంజిన్), డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ (గేర్లు తనే మార్చుకునేది), గట్టి టాప్ ఉన్న కారు. ఇలాంటప్పుడు అందరికీ తట్టే మొదటి ఆలోచన, అదే మోడల్ పాత తరం కారు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొంటే సరిపోతుంది కదా అని. నేను దాన్ని మొదటిరోజే కొట్టిపారేశాను. పాత తరం నడుపుతున్నంతసేపూ కొత్తదానిలో ఇది ఇంకా బాగుంటుంది, అది ఇంకా బాగుంటుంది అన్న లెక్కే తలలో తిరుగుతుంది. తీరా కొత్తది వచ్చాక దాని రుచి సగం ముందే చూసేసినట్టవుతుంది. పైగా అలాంటి కార్ల మరమ్మతు ఖర్చు అసలుకే ఎసరు పెడుతుంది. మధ్యలో కొనే కారు దానికి పూర్తిగా ఎదురు జాతి అయి ఉండాలని నిర్ణయించుకున్నాను. బరువు తక్కువ, పవర్ తక్కువ, ఇంజిన్ ముందు, టాప్ తీసేది, గేర్లు చేత్తో మార్చేది.

ఇంకో షరతు, మళ్లీ అమ్మడం తేలికగా ఉండాలి. కొత్త స్పోర్ట్స్ కారు విలువ మొదటి కొన్నేళ్లలోనే దబదబా పడిపోతుంది. పదేళ్లు దాటిన మంచి కారు విలువ దాదాపు నిలకడగా ఉంటుంది. కాబట్టి నిజంగా పోయేది మరమ్మతులు, ఇన్సూరెన్స్, టైర్ల ఖర్చే. ఈ లెక్కకు ఎంఎక్స్-5 కన్నా బాగా సరిపోయేది కనిపించలేదు. 1989 నుంచి తయారవుతోంది, 2016 ఏప్రిల్‌లో పది లక్షలో కారు బయటికొచ్చింది. అంత అమ్ముడైన కారుకు పార్టులు దొరుకుతాయి, కొనేవాళ్లూ దొరుకుతారు.

నాలుగు తరాల్లో నేను తీసుకున్నది మూడోది, 2005 నుంచి 2015 దాకా వచ్చిన ఎన్‌సీ. మొదటి తరం ఇప్పుడు సేకరించేవాళ్ల కారు అయిపోయింది, దాన్ని వానలో నడపాలంటే మనసొప్పదు. రెండోదానిలో తుప్పు భయం ఎక్కువ. నాలుగోది ఇంకా ఖరీదే. ఎన్‌సీని అభిమానులు కొంచెం చిన్నచూపు చూస్తారు, లావైపోయిందని. నిజానికి దాని బరువు 1,100 కిలోల చిల్లరే. ఆ కారు ప్రోగ్రామ్ మేనేజర్ తకావో కిజిమా బృందం గ్రాము గ్రాము లెక్కబెట్టి, లోపలి అద్దం డిజైన్ మార్చి 84 గ్రాములు తగ్గించింది. అంత తపన పడ్డ కారుని లావంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. కొనేవాడికి మాత్రం ఆ చిన్నచూపు లాభమే.

ఎన్‌సీలోనూ 2009 ఫేస్‌లిఫ్ట్ (అదే తరంలో మధ్యలో చేసిన మార్పులు) తర్వాతి రెండు లీటర్ల ఇంజిన్ కావాలనుకున్నాను. అందులో ఫోర్జ్‌డ్ క్రాంక్‌షాఫ్ట్ వచ్చింది, రెడ్‌లైన్, అంటే ఇంజిన్ నిమిషానికి తిరగగల గరిష్ఠ చుట్లు, 7,000 నుంచి 7,500కు పెరిగింది. టాప్‌లో రెండు రకాలున్నాయి. మోటారుతో మడిచే గట్టి టాప్ 12 సెకన్లలో మూసుకుంటుంది, బరువు సుమారు 37 కిలోలు ఎక్కువ. నేను గుడ్డ టాప్ తీసుకున్నాను. కూర్చున్నచోటు నుంచే ఒక చేత్తో వెనక్కి తోసేయొచ్చు, చెడిపోవడానికి మోటారే లేదు.

చూడటానికి వెళ్లినప్పుడు

ఫోన్లో ముందే ఒక మాట చెప్పేదాన్ని: నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని. వేడిగా ఉంటే అమ్మేవాళ్లు ఏదో దాస్తున్నారనే. ఒకాయన "మీకోసమే కాస్త వేడి చేసి ఉంచానండీ" అన్నారు. మర్యాదగా మాట్లాడి వచ్చేశాను.

తర్వాత చూసేది డిప్‌స్టిక్, ఇంజిన్ ఆయిల్ ఎంతుందో చూపే పుల్ల. ఈ ఇంజిన్‌కు ఆయిల్ తగ్గితే బేరింగులు దెబ్బతింటాయి, అందులోనూ ఫేస్‌లిఫ్ట్ ముందువి. ఆయిల్ గుర్తు కన్నా కిందికి ఉందంటే ఆ యజమాని మిగతావీ పట్టించుకోలేదనే అర్థం. పక్కనే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ట్యాంక్ ఉంటుంది. ఆ ప్లాస్టిక్ ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి, పెళుసుబారి, అంచు దగ్గర వెంట్రుకంత బీట వేస్తుంది. అది కారు వద్దనుకునేంత కారణం కాదు, ధర తగ్గించమనడానికి మాత్రం మంచి ఆధారం.

అసలు శత్రువు తుప్పు. ఎన్‌సీలో చూడాల్సింది వెనక చక్రాల పైనుండే ఆర్చి లోపలి అంచు, తలుపు కిందుండే సిల్ వెనక భాగం. కంటితో చూస్తే చాలదు, అంచు లోపలికి వేలు పోనిచ్చి తడమాలి. నున్నగా ఉండాల్సిన చోట గరుకు తగిలితే లోపల పొంగు మొదలైందనే. పెయింట్ మందం కొలిచే గేజ్ కూడా తీసుకెళ్లాను. ఫ్యాక్టరీ పెయింట్ మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. ఒక కారు వెనక ఆర్చిల దగ్గర అది ఏడెనిమిది వందలు చూపించింది. అంటే కింద పుట్టీ. పైకి మాత్రం అద్దంలా మెరుస్తోంది.

ఈ సిల్ తుప్పుకు ఒక కారణం టాప్ నీళ్లు. వాన నీరు సీట్ల వెనక రెండు మూలల్లోంచి గొట్టాల గుండా కిందికి పోవాలి. ఆకులు, మట్టి పడి ఆ గొట్టాలు మూసుకుంటే నీరు లోపలే నిలుస్తుంది. ఒక సీసా నీళ్లు తీసుకెళ్లి, టాప్ సగం తెరిచి, ఆ మూలలో నిదానంగా పోసి చూడాలి. వెనక చక్రం ముందు నేల మీద వెంటనే చుక్కలు పడితే గొట్టం బాగున్నట్టే. పడకపోతే సీటు వెనక కార్పెట్ ఎత్తి వాసన చూడండి, ముక్కే చెప్పేస్తుంది.

టైర్ల పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 3517 అంటే 2017లో 35వ వారం తయారీ అని. తక్కువ తిరిగే ఇలాంటి కార్లలో గాట్లు నిండుగా ఉన్నా రబ్బరు మాత్రం గట్టిపడిపోయి ఉంటుంది. నేను చివరికి కొన్నదాని టైర్లూ అలాంటివే. కొత్త సెట్ ఖర్చు ధరలో తగ్గించమని అడిగాను, సగానికి ఒప్పుకున్నారు.

కొన్నాక చేసిన పనులు

సర్వీస్ రికార్డు బాగానే ఉన్నా ద్రవాలన్నీ మార్చేశాను. ఇంజిన్ ఆయిల్ సంగతి చెప్పేదేం లేదు. గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తి పంచే భాగం) దగ్గరే జాగ్రత్త కావాలి. కింది డ్రెయిన్ బోల్టు కన్నా ముందు పక్కనుండే ఫిల్లర్ బోల్టు విప్పాలి. పాత ఆయిల్ అంతా పోయాక ఫిల్లర్ బిగుసుకుపోయిందని తెలిస్తే బండి జాక్‌స్టాండ్ల మీదే ఉండిపోతుంది. గేర్ ఆయిల్‌లో రకాలుంటాయి, గేర్‌బాక్స్‌లో జీఎల్-4 పోశాను, డిఫరెన్షియల్‌లో జీఎల్-5. జీఎల్-5లోని కొన్ని రసాయనాలు గేర్‌బాక్స్ లోపలి ఇత్తడి సింక్రో రింగులకు పడవు, అందుకే రెండిటికీ ఒకే డబ్బా వాడకూడదు. చల్లగా ఉన్నప్పుడు రెండో గేర్ మొరాయించేది, ఆయిల్ మార్చాక చాలావరకు తగ్గింది. ఇప్పుడు వేడెక్కాక గేర్ మార్చడం లైటు స్విచ్ వేసినట్టే, టక్కున పడుతుంది.

హైవే మీద హీటర్ సరిగ్గా వేడెక్కడం లేదనిపించింది. డ్యాష్‌బోర్డ్ ముల్లు చూస్తే నడిమధ్యలో నిశ్చింతగా ఉంది. ఈ కార్లలో ఆ ముల్లును నమ్మకూడదు, చాలా డిగ్రీల తేడాకు కూడా అది మధ్యలోంచి కదలదు. ఓబీడీ పోర్టుకు (కారు కంప్యూటర్ వివరాలు చదివే సాకెట్) చిన్న బ్లూటూత్ రీడర్ తగిలించి ఫోన్లో చూస్తే కూలెంట్ 70 డిగ్రీల దగ్గరే ఆడుతోంది. కూలెంట్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయింది. దాన్ని మార్చేటప్పుడే పసుపెక్కిన కూలెంట్ ట్యాంక్ కూడా మార్చేశాను, ఎలాగూ కూలెంట్ తీసేశాం కదా అని. ఇప్పుడు 80 దాటి నిలకడగా ఉంటోంది.

టాప్ గొట్టాలు శుభ్రం చేయడానికి గడ్డి కోసే మెషీన్లో వాడే నైలాన్ తీగ సరిగ్గా సరిపోయింది. ఇనప తీగ దూర్చకండి, గొట్టానికి చిల్లు పడుతుంది. గాలి కొట్టినా ప్రమాదమే, కింద అతుకు ఊడిపోవచ్చు. నైలాన్ తీగను తిప్పుతూ దించితే ముందు నల్లటి బురద, తర్వాత ఒక పైన్ ఆకుల ముద్ద బయటికొచ్చాయి. మళ్లీ సీసా నీళ్లు పోశాను, రెండు వైపులా ధారగా వచ్చాయి.

అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చివరికి ఉంచాను. ఎన్‌సీలో సస్పెన్షన్ సర్దే క్యామ్ బోల్టులు తుప్పుతో చుట్టూ ఉండే బుష్‌కు (రబ్బరు, లోహం తొడుగు) అతుక్కుపోవడం మామూలే. షాపుకు వెళ్లాక ఈ సంగతి తెలిస్తే రోజు వృథా అవుతుంది. అందుకే ముందు కొన్ని సాయంత్రాలు పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టి నానబెట్టాను. ఒక్కటి తప్ప అన్నీ కదిలాయి, ఆ ఒక్కటీ వేడి చేశాక కదిలింది. డ్రైవర్ సీట్లో నా బరువంత ఇసుక సంచులు పెట్టి కొలవమన్నాను. మెకానిక్ నవ్వాడు కానీ పెట్టాడు. కొత్త టైర్లు, ఈ అలైన్‌మెంట్ కలిసి బండిని వేరే బండి చేశాయి. అంతకుముందు హైవే మీద స్టీరింగ్‌ను ఎప్పుడూ సర్దుతూ ఉండాల్సొచ్చేది.

నడుపుతుంటే

పవర్ సుమారు 160 హార్స్‌పవర్. బుక్ చేసినదానిలో సగం కూడా కాదు. అయితే మామూలు రోడ్డు మీద, చట్టం ఒప్పుకునే వేగంలోనే రెండో గేర్‌లో రెడ్‌లైన్ దాకా లాగొచ్చు. పెద్ద కారులో అలా చేస్తే లైసెన్స్ పోతుంది. టాప్ తీసి మెల్లగా వెళ్లినా వేగంగా వెళ్తున్నట్టే ఉంటుంది. డిక్కీ 150 లీటర్లే. మెత్తటి సంచులైతే రెండు పడతాయి, గట్టి సూట్‌కేసు మీద ఆశ వదులుకోవాలి. హైవే మీద రొద ఎక్కువ, టాప్ మూసినా ఫోన్ మాట్లాడలేం. అది నాకు లాభమా నష్టమా అన్నది ఫోన్ చేసినవాళ్లను బట్టి ఉంటుంది.

ఇది నడిపాక ఆర్డర్ చూసే తీరే మారింది. మార్పులకు గడువు ఇంకా ఉందని మెయిల్లో తెచ్చుకున్న జవాబు ఇక్కడ అక్కరకొచ్చింది. డ్యూయల్ క్లచ్ తీసేసి మాన్యువల్ పెట్టించాను. పెద్ద వీల్స్ ఆప్షన్ కొట్టేసి ఒక సైజు తగ్గించాను. చిన్న వీల్స్, మందమైన టైరు గతుకుల మీద ఎంత సుఖమో ఈ 17 అంగుళాల టైర్లు చూపించాయి. ఆగినచోటు నుంచి ఒక్కసారిగా దూసుకెళ్లడానికి ఉండే లాంచ్ కంట్రోల్ ప్యాకేజీ మాన్యువల్‌తో రాదట, పోతే పోయింది. ఈ మార్పుల వల్ల నా వంతు ఇంకాస్త వెనక్కి వెళ్తుందని అటునుంచి హెచ్చరించారు. మొదట్లో అయితే ఆ మాటకే నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు సరేనని జవాబు రాసి, బ్రేక్ ప్యాడ్లు ఆర్డర్ పెట్టుకున్నాను.

మిగిలిన పనులు: వెనక ఎడమ బ్రేక్ క్యాలిపర్ (ప్యాడ్లను నొక్కే భాగం) జరగడానికి ఉండే స్లైడ్ పిన్ను పట్టేస్తోంది. డ్రైవ్ అయ్యాక చెయ్యి దగ్గర పెడితే ఆ చక్రం మిగతావాటికన్నా వేడిగా ఉంటోంది. ప్యాడ్లు రాగానే పిన్నులు తీసి, సిలికాన్ గ్రీజు రాసి బిగించాలి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బిపోతుంది. డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ కూడా అప్పుడే మారుస్తాను. అమ్మకం సంగతికొస్తే, టాప్ తీసే కార్లకు ఎండాకాలం ముందే గిరాకీ. బండి కడిగి శుభ్రంగా ఉన్నప్పుడే ఫోటోలు తీసి, బిల్లులన్నీ స్కాన్ చేసి ఒక ఫోల్డర్లో పెట్టాను. ఆర్చిల లోపలి అంచుల ఫోటోలు కూడా అందులోనే ఉన్నాయి, కొనేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే కాబట్టి.