మెలకువతోనే శుక్లం ఆపరేషన్

శుక్లం ఆపరేషన్‌కి నిద్రపుచ్చరని తెలిసినప్పటి నుంచీ నన్ను ఒకటే భయం పట్టుకుంది. కంటి మీదికి కత్తి వస్తుంటే చూస్తూ పడుకోవాలా? నొప్పి ఉండదని అందరూ ధైర్యం చెప్పారు గానీ, ఏం కనిపిస్తుందో ఒక్కరూ చెప్పలేదు. నిజానికి అందరికన్నా ముందు చెప్పాల్సింది అదే. అందుకే నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను.

ముందు కనుపాప పెద్దదయ్యే చుక్కలు, తర్వాత మత్తు చుక్కలు వేశారు. కొందరికి కంటి పక్కన ఇంజెక్షన్ కూడా ఇస్తారు, నాకు చుక్కలతోనే సరిపోయింది. మొహం మీద బట్ట కప్పి ఆ ఒక్క కన్నూ బయటికి ఉంచారు. రెప్పలు మూతపడకుండా చిన్న క్లిప్పు పెట్టారు. పొరపాటున రెప్ప వేస్తే ఎలా అన్న బెంగ దాంతో తీరిపోయింది. వేద్దామన్నా పడదు.

మైక్రోస్కోపు లైటు వెయ్యగానే తెల్లటి వెలుగు తప్ప ఇంకేమీ లేదు. కళ్ళు చెదిరాయి. "అమ్మా, లైటు వైపే చూస్తూ ఉండండి" అన్నారు డాక్టరు గారు. చూడగా చూడగా ఆ తెలుపులోంచి గులాబీ రంగు, ఆ తర్వాత లేత నీలం విడివడ్డాయి. కంటి మీద నీళ్ళు పోసినప్పుడల్లా చల్లగా తగిలేది, రంగులన్నీ చెరువులో రాయి పడ్డట్టు కదిలిపోయేవి. నేను భయపడిన కత్తి కనిపించనే లేదు. కంటికి ఆనుకుని ఉన్న వస్తువును కన్ను స్పష్టంగా చూడలేదు కదా! ఏవో నీడలు అటూ ఇటూ తిరిగాయి, అంతే. కొందరికి పరికరాలు, డాక్టరు వేళ్ళు కూడా లీలగా కనిపిస్తాయట. అలా కనిపించినా కంగారు పడాల్సింది ఏమీ లేదని నాకు తర్వాత చెప్పారు. ఆ మాట ముందే చెప్పి ఉంటే ఎన్ని రాత్రులు నిద్రపట్టేదో!

కాసేపటికి మిషను శబ్దం మారింది. మూడు మిల్లీమీటర్లు కూడా ఉండని కోతలోంచి సన్నటి గొట్టం లోపలికి పంపి, అల్ట్రాసౌండ్ కదలికలతో, శుక్లం పట్టి మసకబారిన కంటి లెన్సును ముక్కలు చేసి పీల్చేస్తారు. 1967లో చార్లెస్ కెల్మన్ అనే డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి ఇది. పళ్ళ డాక్టరు దగ్గర పళ్ళు శుభ్రం చేసే పరికరాన్ని చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందట. కంటి లెన్సులో నరాలు ఉండవు కాబట్టి అది పగులుతున్నా నాకు తెలియలేదు. కొంచెం ఒత్తిడి మాత్రం తెలిసింది. పాత లెన్సు పోయాక రంగులన్నీ కలిసి ఒకే మసక వెలుగయ్యాయి. మడిచిన కొత్త లెన్సు లోపల విచ్చుకోగానే ఆ వెలుగుకు అంచులు ఏర్పడ్డాయి. అంత అందమైన దృశ్యాన్ని ఆపరేషన్ బల్ల మీద చూస్తానని అనుకోలేదు.

కట్టు విప్పాక కంట్లో ఇసుక పడ్డట్టు గరగరలాడింది. చుక్కలు వారాల తరబడి వేసుకున్నాను. రాత్రిళ్ళు కంటి మీద ప్లాస్టిక్ కవచం పెట్టుకున్నాను. కన్ను నలపకూడదు. నొప్పి పెరిగినా, చూపు తగ్గినా, మెరుపులు కనిపించినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం నీలం. శుక్లం పసుపు రంగుకు తిరిగి, నీలాన్ని ఏళ్ళ తరబడి అడ్డుకుంది. ఆపరేషన్ కాని కంటితో చూస్తే తెల్లగోడ మీగడ రంగులో ఉంది, కొత్త కంటితో చూస్తే నీలి ఛాయలో. 1923లో ఆపరేషన్ చేయించుకున్న చిత్రకారుడు క్లాడ్ మోనే కూడా రంగులు మారిపోయాయని బాధపడ్డాడట. నాకు మాత్రం సంతోషమే కలిగింది.

తర్వాత రెండో కన్నూ అయింది. ఈసారి రంగులు అంతగా కనిపించలేదు, ఒత్తిడే ఎక్కువ తెలిసింది. చాలామంది అలాగే అంటారని డాక్టరు గారు ముందే చెప్పి ఉంచారు. అందుకే ఈసారి భయంతో చెయ్యి బిగించకుండానే పడుకున్నాను.