బంగారం లేని బంగారు గిన్నె

రష్యన్ పెయింటింగ్ అనగానే చాలామందికి పెద్ద మ్యూజియంలు గుర్తొస్తాయి, నాకు మాత్రం ముందు ఖొఖ్లొమా చెక్క గిన్నెలే. నిజ్నీ నొవ్‌గొరొద్ ప్రాంతపు పనితనం అది. ఎరుపు, నలుపు, మధ్యలో బంగారు ఆకులు, పళ్ళు. కానీ అందులో బంగారం రవ్వంత కూడా ఉండదు! లిండెన్ చెక్కను లేత్ మీద తిప్పి గిన్నె చేసి, బంకమట్టి పూసి, అవిసె నూనె పట్టించి, పైన తగరం పొడి (ఇప్పుడైతే అల్యూమినియం) రుద్దుతారు, అప్పటికది వెండిలా మెరుస్తుంటుంది, దానిమీద బొమ్మలు వేసి వార్నిష్ పూసి బట్టీలో పెడితే ఆ వేడికి వార్నిష్ పసుపెక్కి వెండి కాస్తా బంగారమైపోతుంది. ఈ ఉపాయం తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

అసలు రష్యన్లలో గొప్ప చిత్రకారులకూ పల్లె చేతిపనికీ మధ్య గోడ లేదు. మాస్కో దగ్గర అబ్రామ్త్సెవో అనే ఎస్టేట్‌ను 1870లో సావా మామొంతోవ్ అనే సంపన్న వ్యాపారి కొన్నాడు. రేపిన్, వాస్నెత్సోవ్ అక్కడే ఉండి బొమ్మలు వేసేవాళ్ళు, అక్కడి వడ్రంగి వర్క్‌షాప్ కోసం చిత్రకారిణి యెలేనా పొలేనోవా ఊళ్ళు తిరిగి పాత చెక్కడాల నమూనాలు సేకరించేది.

వాస్నెత్సోవ్ 1898లో పూర్తిచేసిన ‘బొగతీర్లు’ (అంటే జానపద వీరులు) అనే చిత్రం ఇప్పుడు మాస్కోలోని త్రెత్యాకోవ్ గ్యాలరీలో ఉంది. ముగ్గురు వీరుల్ని అందరూ చూస్తారు, నేనైతే ముందు గుర్రాల కళ్ళేల మీది నగిషీ చూస్తాను. ఆ తర్వాతే మధ్యలోని వీరుడు ఇల్యా, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని దూరంగా చూస్తూ, అదే మణికట్టుకు వేలాడుతున్న గద.