గ్రూపు కలిసిన రక్తంతోనూ ఊపిరితిత్తులకు వచ్చే చిక్కు

ఆపరేషన్ థియేటర్ బయట బంధువులు మత్తు డాక్టరునైన నన్ను ఎక్కువగా అడిగేది, "ఇంకో బాటిల్ రక్తం తెమ్మంటారా?" అనే. గ్రూపు కలిసి, క్రాస్ మ్యాచింగ్ సరిపోయి, హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలన్నీ దాటివచ్చిన రక్తం వల్ల కూడా అరుదుగా ఊపిరితిత్తులు దెబ్బతింటాయంటే చాలామంది నమ్మరు.

మత్తులో ఉన్న రోగి తనకు ఆయాసంగా ఉందని చెప్పలేడు. మానిటర్‌లో ఆక్సిజన్ శాతం పడిపోతున్నకొద్దీ బీప్ శబ్దం మంద్రమవుతుంది, వెంటిలేటర్‌లో పీడనం పెరుగుతుంది, ఒక్కోసారి గొంతులో వేసిన గొట్టంలోకి గులాబీ రంగు నురగ పొంగుకొస్తుంది. వెంటనే రక్తం ఆపేస్తాం. అసలు చిక్కు ఆ తరువాతే, ఎందుకంటే పైకి ఒకేలా కనిపించే రెండు జబ్బుల్లో ఇది ఏదో తేల్చుకోవాలి.

మొదటిది టాకో (TACO), అంటే ఎక్కించిన రక్తం రక్తప్రసరణకు అధిక భారమవడం. ముసలివారికి, గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి రక్తం త్వరత్వరగా ఎక్కించినప్పుడు గుండె ఆ భారాన్ని మోయలేక ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. బీపీ సాధారణంగా పెరుగుతుంది, మూత్రం ఎక్కువగా పోయే ఇంజెక్షన్‌తో చాలామంది తేరుకుంటారు. రెండోది ట్రాలీ (TRALI), అంటే రక్తం ఎక్కించడం వల్ల ఊపిరితిత్తులకే నేరుగా తగిలే దెబ్బ. ఇందులో ఎక్కువగా దాత ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం)లోని యాంటీబాడీలు రోగి తెల్లరక్తకణాలను రెచ్చగొట్టడంతో, ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాల గోడలు దెబ్బతిని, ఆరు గంటలలోపే గాలి సంచుల్లోకి నీరు ఊరుతుంది. బీపీ తరచుగా పడిపోతుంది కనుక ఇక్కడ అదే ఇంజెక్షన్ మేలు చేయకపోగా కీడు చేయవచ్చు. దీనికి ప్రత్యేకమైన మందు లేదు. ఆక్సిజన్, అవసరమైతే వెంటిలేటర్ ఆధారంగా ఎక్కువమంది కొద్దిరోజుల్లోనే కోలుకుంటారు, కొందరు దక్కరు.

ఆ యాంటీబాడీలు ఎక్కువగా పలుమార్లు గర్భం దాల్చిన స్త్రీల రక్తంలో ఉంటాయి, ఎందుకంటే బిడ్డకు తండ్రి నుంచి వచ్చిన లక్షణాలను తల్లి శరీరం పరాయివిగా గుర్తిస్తుంది. ఇందులో దాత తప్పేమీ లేదు, ఆమె ఆరోగ్యానికి లోటూ లేదు. బ్రిటన్‌లో 2003 నుంచి ప్లాస్మాకు మగ దాతలనే ఎంచుకోవడం మొదలుపెట్టాక ఈ కేసులు స్పష్టంగా తగ్గాయి.

మన దగ్గర నాకు నచ్చనిది "బలానికి ఒక బాటిల్" అనే అలవాటు. రక్తస్రావం ఆగి, రోగి నిలకడగా ఉండి, గుండె జబ్బు లేనప్పుడు హిమోగ్లోబిన్ 7 గ్రాములకు తగ్గేదాకా సాధారణంగా రక్తం అక్కరలేదు. అవసరమైనా ఒక్కొక్క యూనిట్ ఎక్కించి, రోగిని చూసి, ఆ తరువాతే రెండోదాని సంగతి ఆలోచించాలి.

ఇలాంటిది జరిగితే కేసు షీటులో రాసి ఊరుకోకూడదు. 2012లో మొదలైన జాతీయ హీమోవిజిలెన్స్ (రక్తమార్పిడి దుష్ప్రభావాలపై నిఘా) కార్యక్రమానికి నివేదించడం ఒక ఎత్తయితే, అంతకన్నా ముందు బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేయాలి; అదే దాత నుంచి తీసిన ప్లాస్మా, ప్లేట్‌లెట్లు ఇంకా నిల్వలో ఉంటే వాటిని మరొకరికి ఇవ్వకుండా పక్కన పెట్టగలుగుతారు.