కత్తెర వేస్తే ఏం మిగులుతుంది?

1820లో, ఒకరి పని ఒకరికి తెలియకుండానే ఇద్దరు ఇంచుమించు ఒకే పని చేశారు. అమెరికాలో మాజీ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ సువార్తల (బైబిల్లో యేసు జీవితం చెప్పే నాలుగు పుస్తకాల) పుటలు కోసి, అద్భుతాలు వదిలేసి, యేసు జీవితాన్ని, బోధను మాత్రం గ్రీకు, లాటిన్, ఫ్రెంచి, ఇంగ్లీషుల్లో పక్కపక్కనే అతికించుకున్నాడు. కలకత్తాలో సంఘసంస్కర్త రామమోహన్ రాయ్ యేసు నీతివాక్యాలు ఏరి అచ్చువేశాడు. అద్భుతాలు వాదులాటకు దారితీస్తాయని, అంతకంటే పెద్ద వింతలు వింటూ పెరిగిన జనాన్ని అవి కదిలించవని రాయ్ ఉద్దేశం. శ్రీరాంపూర్ మిషనరీ జాషువా మార్ష్‌మన్ ఒప్పుకోలేదు. యేసు మరణంతో కలిగే పాపపరిహారాన్ని పక్కనపెట్టిన నీతి రక్షించదన్నాడు. అతనికి జవాబుగా 1823 దాకా రాయ్ మూడు అప్పీళ్లు, అంటే క్రైస్తవ పాఠకులకు విజ్ఞప్తులు, రాయాల్సివచ్చింది.

క్రైస్తవ సంఘం చేతిలోనూ ఒక కత్తెర ఉంది, అది బోధవైపు కోస్తుంది. ఆరాధనలో విశ్వాసులు వల్లించే అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో కన్య మరియకు పుట్టడం అవగానే రోమా అధిపతి పొంతి పిలాతు కింద శ్రమపడటం వస్తుంది. కొండమీది ప్రసంగం, మంచి సమరయుడు, తప్పిపోయిన కుమారుడు, వీటి ఊసే లేదు.

అద్భుతమా, నీతా అని గంపగుత్తగా అడిగితే జవాబు దొరకదు. ఒక్కో భాగాన్ని విడిగా పరీక్షించాలి. అద్భుతం చెప్పే వచనాలకు పెన్సిల్ గీత పెట్టి, వాటిని దాటేసి మిగతాది పైకి చదవండి. కథ అతుకుతుందా, తెగుతుందా?

కన్యకకు పుట్టుక విషయంలో అతుకుతుంది. మార్కు సువార్త బాప్తిస్మంతో మొదలవుతుంది, జనన కథే లేదు. అపొస్తలుడు పౌలు గలతీయులకు రాసిన లేఖలో 'స్త్రీయందు పుట్టి' అని రాసి ఊరుకున్నాడు. కొండమీది ప్రసంగం ఉన్న మత్తయి 5 నుంచి 7 దాకా 111 వచనాల్లో ఒక్కటీ ఆ పుట్టుక మీద ఆధారపడదు. యెషయా 7:14లో హీబ్రూ మాట 'అల్మా'కు యువతి అని అర్థం. గ్రీకు అనువాదం దాన్ని 'పార్థెనోస్', అంటే కన్యక చేసింది, మత్తయి ఆ మాటనే తీసుకున్నాడు. ఈ మాట మీద రెండో శతాబ్దంలోనే క్రైస్తవ రచయిత జస్టిన్ వాదించాడు.

ఇప్పుడు మత్తయి 12 చూడండి. యూదుల సమాజమందిరంలో ఊచచెయ్యి (ఎండిపోయిన చెయ్యి) గలవాడు ఉన్నాడు. పని చేయకూడని విశ్రాంతి దినాన స్వస్థపరచవచ్చా అని యేసును అడుగుతారు. గుంటలో పడిన గొర్రెను ఆ రోజు పైకి తీయరా అని ఆయన తిరిగి అడుగుతాడు. జెఫర్సన్ ఇంతవరకూ ఉంచి, చెయ్యి బాగైన 13వ వచనం తీసేశాడు. ధర్మశాస్త్రాన్ని గట్టిగా పట్టుకునే పరిసయ్యులు ఆయన్ని చంపాలని ఆలోచన చేసే 14వ వచనం మాత్రం ఉంది. అక్కడే కథ తెగింది. గొర్రె గుంటలోంచి వచ్చింది గానీ ఆ మనిషి ఊచచెయ్యితోనే మిగిలిపోయాడు. చంపాలన్నంత కోపం ఎందుకో తెలియదు. మేలు చేయడం ధర్మమే అన్న మాటకు ఆ చెయ్యి చాచడమే ఆచరణ.

పునరుత్థానం సంగతి ఇంకా కష్టం. జెఫర్సన్ పుస్తకం సమాధికి రాయి పొర్లించడంతో ముగుస్తుంది. పౌలుకు అక్కడ ముగిస్తే నీతే కూలుతుంది. మృతులు లేవకపోతే తిందాం, తాగుదాం, రేపు చస్తాం కదా అంటాడు (1 కొరింథీ 15:32).

మత్తయి 7:22 మాత్రం ఎదురు తిరుగుతుంది. నీ నామమున అద్భుతాలు చేశాం అన్నవాళ్లనే యేసు పొమ్మంటాడు. 25వ అధ్యాయపు తీర్పులోనూ అడిగేవి అన్నం, నీళ్లు, బట్ట. ఎవరు ఎలా పుట్టారన్నది కాదు. కానీ అడిగేది సింహాసనం మీద కూర్చున్న మనుష్యకుమారుడు. ఆ సింహాసనానికి గీత పెట్టి, 'మిక్కిలి అల్పులైన యీ నా సహోదరులలో ఒకనికి మీరు చేసితిరి గనుక నాకు చేసితిరి' అని చదివితే, ఆ 'నాకు' ఎవరికి?