కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు

శనివారం. రాత్రి పదకొండు దాటింది. నడుము పట్టేసింది, చేతులకి ఇంకా వేపాకు వాసన పోలేదు, అయినా ఇవాళ్టి సంగతి ఇవాళే రాసుకోవాలని కూర్చున్నాను.

పొద్దున ఐదున్నరకి లేచి, ముఖం కడుక్కుని, బైబిలు తెచ్చి టేబుల్ మీద పెట్టుకున్నాను. కీర్తనల్లో నిన్న ఎక్కడ ఆపానో వెతుకుతున్నానో లేదో ఫోన్ మోగింది. వదిన, అంటే మా ఆయన అక్క. అంత పొద్దున్నే ఫోన్ వస్తే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. తీరా ఎత్తితే ఊళ్ళో ఉన్న అర ఎకరం కౌలు డబ్బుల సంగతి. రెండేళ్ళుగా నలుగుతున్న మాటే, నేను ఊరుకుని ఉంటే సరిపోయేది, కానీ నిద్ర కళ్ళ మీద ఉన్నానేమో నేనూ ఒక మాట తూలాను, ఆవిడా అంది, చివరికి "అమ్మ ఉండుంటే ఆ ఇంట్లో నాకు ఈ మాట పడేది కాదు" అని పెట్టేసింది. ఆ మాట సూటిగా తగిలింది. ఆ తర్వాత కళ్ళు మూసుకుని కూర్చున్నా ప్రార్థన రాలేదు. "ప్రభువా" అన్న తర్వాత వచ్చే ప్రతి మాటా వదినకి చెప్పాల్సిన జవాబులాగే ఉంది. పావుగంట చూసి లేచిపోయాను.

అన్నానికి బియ్యం తీద్దామని డ్రమ్ము మూత తీస్తే పురుగులు. ఒకటీ రెండూ కాదు, గోడల మీదికి పాకుతున్నాయి. నాలుగు రోజులుగా గుంటూరులో ముసురు, ఇంట్లో ఏ గుడ్డా ఆరడం లేదు, ఇంక బియ్యం మాత్రం ఎలా ఉంటాయి. మూత గట్టిగా పెట్టినా ఇవి ఎలా వస్తాయని మా చిన్నది అడిగింది. బయటినుంచి రానక్కర్లేదు, ఈ పురుగు గింజకే బెజ్జం పెట్టి లోపల గుడ్డు పెడుతుంది, మనం బస్తా తెచ్చుకున్నప్పుడే అవి లోపల ఉంటాయి, చెమ్మా ఉక్కా తగిలితే బయటపడతాయి అని చెప్పాను. అది ఆ రోజంతా బియ్యం వైపు అనుమానంగానే చూసింది.

పాతిక కేజీల బస్తాలో సగం పైనే ఉన్నాయి. హాల్లో రెండు పాత దుప్పట్లు పరిచి, బియ్యం పల్చగా పోసి ఫ్యాన్ వేశాను. ఎండ వచ్చినా ఎండలో పోసేదాన్ని కాదు. ఎండకి గింజ పగులుతుంది, తర్వాత ఉడికిస్తే అన్నం కాదు నూకల జావ అవుతుంది. నీడలో గాలి తగిలితే చాలు, పురుగులు వాటంతట అవే పక్కకి పోతాయి. మిగతావి జల్లెడకి పోతాయి, ఆ తర్వాత చాట. చాటతో చెరగడం నాకు అత్తయ్య నేర్పారు, పెళ్ళయిన కొత్తలో. మణికట్టు తిప్పడంలోనే ఉంది అంతా.

బియ్యం ఆరేలోపు ఖాళీగా ఎందుకని గూళ్ళు సర్దడం మొదలుపెట్టాను, అది సాయంత్రం దాకా సాగింది. అన్నీ దించి గట్టు మీద పెట్టి చూస్తే విప్పిన ఆవాల ప్యాకెట్లు మూడు! శనగపిండి రెండు చోట్ల. మెంతులు ఒక సీసాలో, మళ్ళీ ఇంకో కవర్లో. ధనియాల పొడి ఏదో సంక్రాంతికి కొట్టింది, వాసనే లేదు. నాకు అర్థమైందేమిటంటే మా వంటింట్లో లేనిది చోటు కాదు, ఉన్నది కళ్ళకి కనపడటం లేదు, కనపడక మళ్ళీ కొంటున్నాం. ఇప్పుడందరూ ఒకే రకం గాజు సీసాలు వరసగా పెట్టి ఫోటోలు పెడుతున్నారు, చూడటానికి బాగుంటాయి, కాదనను. కానీ నాకు మాత్రం పాత హార్లిక్స్ సీసాలే హాయి, లోపల ఎంత ఉందో దూరం నుంచే తెలుస్తుంది. బరువైనవి కిందకి, పొట్టివి ముందుకి, పొడవువి వెనక్కి. పాత సరుకు మీద కొత్త సరుకు పొయ్యకూడదు, పాతది వేరే గిన్నెలో వంచి, కొత్తది అడుగున పోసి, పాతది పైన పొయ్యాలి. పప్పుల మీద కొన్న తేదీ చీటీ అంటించాను. పోపుల పెట్టె పొయ్యికి కుడి పక్కన, చెయ్యి చాస్తే అందేలా. మూడేళ్ళుగా అది ఎడమ పక్కన ఉంది, రోజూ నూనె కాగుతుంటే స్టవ్ మీదుగా చెయ్యి చాస్తున్నాను, మార్చాలన్న ఆలోచనే రాలేదు.

పై గూట్లో చివర డాల్డా డబ్బా ఉంది.

అదేమిటో తెలియక అక్కడ పెట్టింది కాదు. తెలుసు. అది అత్తయ్య పిడికెడు బియ్యం డబ్బా. ఆవిడ చనిపోయిన నెలలోనే దాన్ని కడిగి, రబ్బరు బ్యాండ్లూ, పాత కుక్కర్ గాస్కెట్లూ, మడిచిన క్యారీబ్యాగులూ అందులో పెట్టి పైకి తోసేశాను. రెండేళ్ళు అక్కడే ఉంది. ఆకుపచ్చ రంగు సగం పోయింది, అడుగున తుప్పు, మూత ఒక పక్క సొట్ట.

మన క్రైస్తవ సంఘాల్లో పెరిగినవాళ్ళకి పిడికెడు బియ్యం గురించి చెప్పక్కర్లేదు. వంటకి బియ్యం తీసిన ప్రతిసారీ అందులోంచి ఒక పిడికెడు దేవుడికని పక్కన పెట్టేవాళ్ళు. శనివారం స్త్రీల సమాజం వాళ్ళు సంచీ పట్టుకుని వస్తే అందులో పోసేవాళ్ళు, లేదా ఆదివారం వాళ్ళే గుడికి పట్టుకెళ్ళేవాళ్ళు. చేతిలో రూపాయి లేని ఆడవాళ్ళు కూడా ఇవ్వగలిగే కానుక అది. కూలికి వెళ్ళే ఇంట్లో మగవాడి జేబుకి లెక్క ఉంటుంది, కుండలో బియ్యానికి మాత్రం ఆడమనిషే యజమానురాలు. మా ఊరి గుడి పైకప్పు సగం పిడికిళ్ళతో లేచిందని మా నాయనమ్మ చెప్పేది. కోత పండక్కి గుమ్మడికాయలూ, కోళ్ళూ, మొదటి గెలా వేలం వేసేటప్పుడు ఈ బియ్యం కూడా వేలానికి వచ్చేవి, నాలుగైదు రకాల బియ్యం కలిసిపోయి ఉండేవి, అయినా పోటీ పడి పాడేవాళ్ళు.

అత్తయ్యకి దాంట్లో ఒక పట్టుదల ఉండేది. కొత్తలో నేను ఆ డబ్బాలో వెయ్యాలని బస్తాలోంచి ఒక గుప్పెడు తీశాను. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపారు. "అట్లా కాదమ్మాయ్. ముందు మనకి ఎంత కావాలో కొలువు. కొలిచిన దాంట్లోంచి తియ్యి. బస్తాలోంచి తీస్తే బస్తా ఇచ్చినట్టు, మనం ఇచ్చినట్టు కాదు" అన్నారు. అంటే ఆ పూట ఎవరో ఒకరికి ఒక ముద్ద తగ్గాలి. ఎవరికి తగ్గేదో నాకు తర్వాత తెలిసింది, ఆవిడ అందరూ తిన్నాక గిన్నె తుడుచుకుని తినేవారు.

ఇంకోటి. ఆ పిడికెడు డబ్బాలో పడేటప్పుడు ఒక పేరు పలికేవారు. గట్టిగా కాదు, పెదాలు కదిలేవి. ఒక పూట దుబాయ్‌లో ఉన్న మరిది కొడుకు, ఒక పూట పురిటికి వచ్చిన పక్కింటి పిల్ల, ఒక పూట మా ఆయన ఉద్యోగం. ప్రార్థనకి ఆవిడ వేరే గది వెతుక్కోలేదు. పాలు పొయ్యి మీద పెట్టి పరలోక ప్రార్థన మొదలుపెట్టేవారు. వార్చే అన్నమే ఆవిడకి ఇష్టం, ఎసరు మరిగి బియ్యం పొంగు వచ్చేలోపు ఇంటిల్లిపాదినీ వరసగా దేవుడికి అప్పజెప్పేసేవారు. నేనేమో ఉదయం టేబుల్ దగ్గర కుదరకపోతే ఆ రోజుకి ప్రార్థన తప్పిపోయిందని దిగులు పడతాను, ఇవాళ కూడా మధ్యాహ్నం దాకా అదే దిగులు.

రబ్బరు బ్యాండ్లు తీసి పక్కన పెట్టి డబ్బా సబ్బుతో రుద్దాను. తుప్పు పూర్తిగా పోలేదు, అందుకని లోపల ఒక గుడ్డ సంచీ అమర్చాను, బియ్యం రేకుకి తగలకుండా.

అప్పటికి పన్నెండున్నర. వంట ఇంకా కాలేదు. దోసకాయలు రెండున్నాయి, పప్పు చేద్దామనుకున్నాను. దోసకాయ ప్రతిదీ కోసి ముక్క నోట్లో వేసుకుని చూడాల్సిందే, ఒక్క చేదు కాయ పడితే గిన్నెడు పప్పూ పోతుంది. మొదటిది చేదు. పారేశాను. రెండోది బాగుంది, గింజలు కూడా పుల్లపుల్లగా. కందిపప్పు కడిగి విడిగా కుక్కర్లో పెట్టాను. పప్పుతో పాటే దోసకాయా చింతపండూ వేసేస్తే పులుపుకి పప్పు మెత్తబడదు, ఎన్ని విజిల్స్ వచ్చినా బిరుసుగానే ఉంటుంది. ముక్కలూ పచ్చిమిరపకాయలూ గిన్నెలో మగ్గాక, మెదిపిన పప్పు, పసుపు, ఉప్పు, కొంచెం చింతపండు రసం. పోపులో వెల్లుల్లి చితక్కొట్టి వేసి, ఎండుమిర్చి, కరివేపాకు. పోపుల పెట్టె కుడి పక్కకి వచ్చింది కదా, నూనె మీదుగా చెయ్యి చాచకుండా మొదటిసారి పోపు పెట్టాను. నంజుకోడానికి ఊరమిరపకాయలు.

అన్నానికి చెరిగిన బియ్యం రెండు గ్లాసులు కొలిచాను. పళ్ళెంలో పోసి పిడికెడు తీశాను. చిన్నది కేకులు చేస్తానని కొనిపించుకున్న తూకం మిషన్ గట్టు మీదే ఉంది, "అమ్మా, ఒక్కసారి ఇందులో పొయ్యవా" అంది. 45 గ్రాములు. రెండు పూటలా తీస్తే రోజుకి 90, నెలకి 2.7 కేజీలు అని అదే లెక్క చెప్పింది. అత్తయ్య ఈ ఇంట్లో ఇరవై ఏళ్ళు వండారు. నేను ఆ లెక్క వెయ్యలేదు.

ఆ 45 గ్రాములూ చేతిలోకి తీసుకుని డబ్బా మీద పట్టుకున్నాను. పేరు చెప్పాలి. ఎవరి పేరో నాకు తెలుసు, పొద్దుట్నించీ తెలుసు. నోరు రాలేదు. మా అమ్మ గుర్తొచ్చింది, మోకాళ్ళ నొప్పులతో మంచం దిగలేకపోతోంది, ఆమె పేరు చెప్పొచ్చు. పెద్దదానికి సోమవారం నుంచి పరీక్షలు. ఎవరి పేరైనా చెప్పొచ్చు. కానీ ఆ డబ్బా వదిన వాళ్ళమ్మది. ఆవిడ కూతురి పేరు ఆ డబ్బాలో ఎన్ని వందల సార్లు పడి ఉంటుందో. చెయ్యి అట్లాగే పట్టుకుని నిలబడ్డాను, వేళ్ళ సందుల్లోంచి నాలుగు గింజలు జారాయి. చివరికి వదిన పేరు చెప్పాను. పేరు ఒక్కటే, దాని వెనక ఇంకో మాట రాలేదు. పిడికిలి తెరిచాను. పొద్దున పావుగంట కూర్చున్నా రానిది, అది ప్రార్థనే అయితే, అప్పుడు వచ్చింది.

మధ్యాహ్నం పెద్దది బెంగళూరు నుంచి ఫోన్ చేస్తే డబ్బా సంగతి చెప్పాను. దాని హాస్టల్లో పక్క మంచం పిల్లది మిజోరం. "అమ్మా, వాళ్ళింట్లో కూడా ఇదే చేస్తారంట! బుఫై థామ్ అంటారంట" అని అరిచింది. ఆ పిల్లే ఫోన్ తీసుకుని వచ్చీరాని హిందీలో చెప్పింది, అక్కడ 1910లో మొదలైందట, వాళ్ళ నాయనమ్మ కూడా ప్రతి పూటా తీస్తుందట, ఆ బియ్యం డబ్బుతోనే సువార్తికులకి జీతాలు ఇచ్చేవాళ్ళట. గుంటూరుకి లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ వచ్చింది 1842లో, ఆ చరిత్ర చిన్నప్పుడు సండే స్కూల్లో బట్టీ పట్టించారు, అన్ని తేదీలూ నేర్పారు గానీ ఈ పిడికిళ్ళ లెక్క మాకెవరూ చెప్పలేదు. ఎక్కడో కొండల మీద ఆ ముసలావిడ, ఇక్కడ మా అత్తయ్య, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఒకే పని చేశారని ఎంత సంతోషమేసిందో.

ఇప్పుడు మా సంఘంలో సంచీ పట్టుకుని ఎవరూ రావడం లేదు. కవర్లలో ఇస్తున్నాం, ఫోన్లో పంపుతున్నాం. అది తప్పని నేననను, లెక్క సరిగా ఉంటుంది, పాస్టరు అయ్యగారికి కూడా సులువు. కానీ ఫోన్లో పంపే డబ్బుకి ఎసరు మరగదు, చేతికి గింజ తగలదు, ఎవరి పేరూ పలకం. అందుకని బియ్యం ఎక్కడివ్వాలో ఆలోచించాను. మా వీధి చివర ఒక పెద్దావిడ ఉంది, ఒకప్పుడు బైబిలు స్త్రీగా, అంటే ఆడవాళ్ళకి వాక్యం చెబుతూ, ఊరూరా నడిచిన మనిషి, ఇప్పుడు ఒక్కతే ఉంటోంది, ఒంటి పూట వండుకుని రెండు పూటలా తింటుంది. నెల తిరిగేసరికి 2.7 కేజీలు ఆవిడ గడప దగ్గర పెట్టొస్తాను. ఊరికే బియ్యం ఇవ్వడం కాదు, కూర్చుని వస్తాను.

సాయంత్రం బియ్యమంతా ఎత్తి, తుడిచి ఆరబెట్టిన డ్రమ్ములో పోశాను. పోయిన వారమే కోసి నీడన ఆరేసిన వేపాకు పల్చటి గుడ్డలో మూటలు కట్టి అడుగున ఒకటి, మధ్యలో ఒకటి, పైన ఒకటి పెట్టాను. రాత్రి భోజనాల దగ్గర మా ఆయన ప్రార్థన చేశారు, రోజూ చేసేదే, "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అన్నప్పుడు నేను కళ్ళు తెరిచి గూటి వైపు చూశాను. తర్వాత ఆయనే అడిగారు, "అమ్మ డబ్బా కిందకి దించావా" అని. ఆ అన్న తీరుకి నాకు గొంతు పట్టుకుంది, అవునని తలూపాను. ఆయన ఇంకేం అనకుండా లేచి, చెయ్యి కడుక్కుని, ఆ డబ్బా చేతిలోకి తీసుకుని సొట్ట దగ్గర బొటనవేలితో నొక్కి చూశారు.

రేపు ఆదివారం. మినప్పప్పు నానబోశాను, గుడి నుంచి వచ్చాక రుబ్బుతాను. డబ్బా బియ్యం డ్రమ్ము పక్కనే పెట్టాను. మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి, రెండు పిడికిళ్ళకి అడుగు కూడా సరిగా నిండలేదు. మూత సొట్ట వల్ల పట్టడం లేదు, ప్రస్తుతానికి పాత టీ సాసర్ బోర్లించాను.