ఒక్క గుక్కలో ఎన్ని అంకెలు

మా నరసాపురంలో లేసు అల్లే ఆడవాళ్ళకి లెక్క నోట్లో ఉండదు, వేళ్ళలో ఉంటుంది. పక్కింటి వదినతో కబుర్లు చెబుతూనే ఎనిమిది చైన్లు, అంటే గొలుసు కుట్లు వేసి, గుండ్రంగా కలిపి, అందులోకి పదహారు నిలువు కుట్లు దింపేస్తాం. పదేళ్ళ వయసులో అమ్మ దగ్గర సూది పట్టాను. ముప్పై ఏళ్ళు అలాగే అల్లాను. 2023 ఆగస్టులో ఆ లెక్క నా వేళ్ళలోంచి పోయింది.

ముందు విరేచనాలు పట్టుకున్నాయి. రెండు రోజుల్లో తగ్గాయి, మర్చిపోయాను. పది రోజుల తర్వాత అరికాళ్ళలో తిమ్మిర్లు. మర్నాడు వీధిలో నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయింది. జారిన సంగతే తెలీలేదు, వెనకాల వస్తున్న మా అమ్మాయి తీసి ఇచ్చింది. ఆ సాయంత్రం పీట మీంచి లేవలేకపోయాను. మొదట చూపించుకున్న చోట నీరసం అని సెలైన్ ఎక్కించి పంపేశారు. రెండు రోజులు అలా వృథా అయ్యాయి, ఆ బాధ నాకింకా పోలేదు. మూడో రోజు చేతిలోంచి సూది జారిపోతుంటే మా ఆయన కారు మాట్లాడి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ డాక్టరుగారు మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో కొట్టారు. కాలు ఎగరలేదు. రెండో కాలూ అంతే.

గిలియన్ బారే సిండ్రోమ్ అన్నారు. 2025 జనవరిలో పుణెలో చాలామందికి వచ్చినప్పుడు ఈ పేరు మీరూ పేపర్లో చూసే ఉంటారు. రోగం మీద పోరాడాల్సిన రక్షణ శక్తి దారి తప్పి మన నరాల మీదే పడుతుంది. కరెంటు తీగ మీది తొడుగు పాడైనట్టు నరం మీది తొడుగు పాడవుతుంది. మామూలుగా కాళ్ళలో మొదలై పైకి పాకుతుంది. ఊపిరి తీసే కండరాల దాకా వస్తే వెంటిలేటర్ పెట్టాలి. కిలో బరువుకి మొత్తం 2 గ్రాముల చొప్పున, 5 రోజుల పాటు ఇమ్యునోగ్లోబులిన్, అంటే దాతల రక్తంలోంచి తీసిన యాంటీబాడీల మందు ఎక్కించారు. నా బరువు 55 కిలోలు, అంటే 110 గ్రాముల మందు. నా గాజులు, అత్తయ్యగారి గొలుసు తాకట్టుకి వెళ్ళాయి. నన్ను బతికించింది ఆ మందు, ఆ తర్వాత ఫిజియోథెరపీ. ధ్యానం రోగాన్ని తగ్గించిందని నేను అనను, ఎవరైనా అంటే నమ్మకండి కూడా.

ఐసీయూలో కొన్ని గంటలకోసారి డాక్టరుగారు వచ్చి, "గట్టిగా ఊపిరి తీసుకుని, మళ్ళీ తీసుకోకుండా ఎంతవరకు లెక్కపెట్టగలరో పెట్టండమ్మా" అనేవారు. ఊపిరి బలం చూడటానికి అదో పద్ధతి. మొదటి రోజు 22 వచ్చింది. మర్నాడు 14. ఆ రాత్రి 11. ఇంక దిగితే గొట్టం వేస్తారని నాకు తెలుసు. గోడ గడియారం చూస్తూ, ఈసారి ఎంత వస్తుందోనని గుండె దడదడలాడుతుండేది.

రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ పెద్దావిడ. "నిద్ర పట్టట్లేదా అమ్మా?" అంది.

"లేదు సిస్టర్. ఊపిరి ఆగిపోతుందేమోనని."

"ఆగితే చూడటానికి మేమున్నాం. నువ్వు ఆపొద్దు, లాగొద్దు. ముక్కు చివర గాలి చల్లగా లోపలికి వెళ్తుంది, వెచ్చగా బయటికొస్తుంది. అదొక్కటే చూస్తూ ఉండు."

దీన్ని ఆనాపానసతి అంటారని, బుద్ధుడు చెప్పిందని తర్వాత తెలిసింది. అప్పుడు నాకు తోచింది ఒక్కటే. చేతులు కదలట్లేదు కాబట్టి మనసులో సూది పట్టుకున్నాను. గాలి లోపలికి వెళ్ళినప్పుడు దారం సూది మీద వేసుకోవడం, బయటికొచ్చినప్పుడు ముడిలోంచి లాగడం. ఊపిరికొక చైను. ఎనిమిది కాగానే గుండ్రంగా కలపడం. మధ్యలో మనసు తాకట్టు వడ్డీ మీదికి పోతే లెక్క తప్పేది, మళ్ళీ మొదటి చైను నుంచి. తెల్లారేసరికి ఎన్ని పువ్వులయ్యాయో తెలీదు. పొద్దున్న లెక్క 11 దగ్గరే ఉంది. పెరగలేదు, తగ్గలేదు. నాలుగో రోజుకి 15 వచ్చింది.

ఇంటికొచ్చాక నడక కర్రలతో, తర్వాత గోడ పట్టుకుని. అదంతా ఫిజియో బాబు పుణ్యం. చేతివేళ్ళు, పాదాలు మాత్రం అన్నిటికంటే ఆలస్యం. తొడుగుతో పాటు లోపలి తీగ కూడా దెబ్బతింటే నరం రోజుకి దాదాపు ఒక మిల్లీమీటరు చొప్పున పెరగాలట.

ఇంట్లో కళ్ళు మూసుకుని కూర్చుంటే అనుకోనిది జరిగింది. ఊపిరిని గమనించగానే ఐసీయూ మెషీన్ల చప్పుడు చెవుల్లో మోగేది, చెమటలు పట్టేవి. నాలుగైదు సార్లు చూసి మానేశాను. అప్పుడు ఫిజియో బాబు లావు ఉన్ని దారం, పెద్ద సూది పట్టుకోమన్నాడు. పది చైన్లకి అరగంట పట్టింది. ఆ అరగంటలో ఊపిరి భయపెట్టలేదు, వేళ్ళ వెనకాల మెల్లగా నడిచింది. అప్పుడే నా కంటికొకటి ఆనింది. దారం లాగేటప్పుడు ఊపిరి బిగబడితే కుట్టు బిగుసుకుపోతోంది. వదులుతూ లాగితే గుండ్రంగా, ఒకే తీరుగా కూర్చుంటోంది.

ట్రంకుపెట్టెలో పాత ముక్కలు తీసి చూశాను. ఒక టేబుల్ క్లాత్ మధ్యలో రెండు వరుసలు బిర్రుగా, ముడుచుకుపోయి ఉన్నాయి. అది మా అమ్మాయికి డెంగీ వచ్చిన వారం అల్లింది. ముప్పై ఏళ్ళు నా టెన్షనంతా ఈ దారంలోకి ఎక్కిస్తూనే ఉన్నాను, ఒక్కసారీ చూసుకోలేదు.

2024లో మా నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకేనన్న భౌగోళిక గుర్తింపు వచ్చేటప్పటికి నేను సన్నదారం మీదికి వచ్చాను. పొద్దున్నే పావుగంట ఊరికే కూర్చోవడం కూడా మళ్ళీ మొదలైంది. ఈసారి మెషీన్లు మోగలేదు. గోదావరి ఒడ్డున మాధవాయిపాలెం రేవులో కూర్చుంటాను, కళ్ళు తెరుచుకునే. ఇన్నేళ్ళూ ఏజెంటు ఇచ్చిన నమూనానే అల్లాను, నాకంటూ ఒక డిజైన్ తడితే ఒట్టు. ఒకరోజు నది దాటించే పంటు అవతలి ఒడ్డున సఖినేటిపల్లికి బయల్దేరుతుంటే వెనకాల అలలు ఒకదాని వీపు మీద ఒకటి విల్లుల్లా విచ్చుకుంటున్నాయి. ఒడ్డుకి వచ్చేకొద్దీ వెడల్పు, పల్చన. ఐదు చైన్ల విల్లు, ఆ పైన ఏడు, ఆ పైన తొమ్మిది. ఇంటికెళ్ళేదాకా ఆగలేక చీర చెంగు మీద వేలితో గీసుకున్నాను.

ఏజెంటుగారు చూసి, "బావుందండీ, కానీ దీనికి ఆర్డరు లేదు" అన్నారు. అయినా అల్లుతున్నాను. నాలుగో వరుసలో ఒకచోట బిగుసుకుంది, పరీక్షల రిపోర్టు కోసం చూస్తున్న రోజు అది. విప్పి మళ్ళీ వేశాను.

మొన్న రేవులో పంటు కూత వేయగానే ఊపిరి తీసుకుని లెక్క మొదలుపెట్టాను. 41 వచ్చింది. సంచిలోంచి సూది తీసి ఏడో వరుస పట్టుకున్నాను.